పచ్చబొట్టుకు కొత్త పేరు

పచ్చబొట్టుకి ఆ పేరు ఎందుకొచ్చిందో నాకు నలభై మూడో ఏట, కిటికీ పక్కన అద్దం పట్టుకుని నిలబడ్డప్పుడు తెలిసింది.

మా అమ్మమ్మ ముంజేతి మీద తేలు బొమ్మ ఉండేది, గడ్డం మీద ఒక చుక్క. తన చిన్నప్పుడు ఊళ్లోకొచ్చిన ఎరుకలామె పొడిచిందట. దీపం మసిలో ఏదో ఆకు పసరు కలిపి, సూదులు కట్టగా కట్టి పొడిచేవాళ్లని చెప్పేది. కూలి కింద బియ్యం, ఒక పాత రవిక. మసి నల్లగా ఉంటుంది కదా, మరి నీ తేలు పచ్చగా ఉందేంటి అని నేనడిగితే, "నల్లగానే పొడిచింది. లోపలికెళ్లి పచ్చబడింది" అనేది. ఆ మాట నాకప్పుడు ఎక్కలేదు.

నా కనుబొమలు 2022 ఏప్రిల్‌లో మైక్రోబ్లేడింగ్, అంటే చర్మంలోకి రంగు గీయించడం, చేయించుకున్నవి. విజయవాడలో, ఏసీ గదిలో, 18 వేలు పోసి. అప్పుడు కాఫీపొడి రంగులో, ఏ వెంట్రుకకావెంట్రుక గీసినట్టు ఉండేవి. ఇప్పుడు గీతలన్నీ ఒకదాన్లోకొకటి కలిసిపోయి రెండు మసక పట్టీలు మిగిలాయి. ట్యూబ్‌లైటు కింద పర్వాలేదు. పొద్దున్నే కిటికీ వెలుతురులో చూస్తే బయటి కొసల్లో బూడిద రంగు, అందులో సన్నటి నీలిపచ్చ జీర. అచ్చం అమ్మమ్మ తేలు రంగే.

ఇదంతా రాయాలనిపించడానికి కారణం మా అక్క కూతురు. మాఘమాసంలో పెళ్లి. ఇంకా పన్నెండు రోజులుందనగా ఫోన్ చేసింది. "పిన్నీ, నువ్వు చేయించుకున్నావుగా, నేనూ చేయించుకుందామనుకుంటున్నా. సెమీ పర్మనెంటే కదా, రెండేళ్లలో పోతుందిగా!"

నా కోపమంతా ఆ "సెమీ" మీదే.

ముందు అసలు జరిగేదేంటో చెప్పాలి. మైక్రోబ్లేడింగ్ అన్న పేరులో బ్లేడు ఉంది గానీ చేతిలో ఉండేది సన్నటి సూదుల వరుస. దువ్వెన పళ్లలా పక్కపక్కనే పేర్చి, ఒక పిడికి బిగిస్తారు. దాన్ని రంగులో ముంచి చర్మం మీద వెంట్రుక ఆకారంలో గీస్తారు. తిమ్మిరి క్రీము రాస్తారు కాబట్టి నొప్పి పెద్దగా తెలీదు. చప్పుడు మాత్రం తెలుస్తుంది, పాత గుడ్డ మెల్లగా చినుగుతున్నట్టు. పౌడర్ బ్రోస్ అని చెప్పేవి మెషీన్‌తో చుక్కలు చుక్కలుగా పొడిచేవి, నానో బ్రోస్ మెషీన్‌తోనే గీసే వెంట్రుక గీతలు. పనిముట్టు ఏదైనా రంగు చేరాల్సిన చోటు ఒకటే: పైచర్మం దాటి, కింద ఉన్న అసలు చర్మం పైపొరలోకి. పైచర్మం దాదాపు నెల రోజులకోసారి కొత్తదైపోతుంది. రంగు అక్కడే ఆగితే నెలకల్లా మృతకణాలతో పాటు రాలిపోతుంది. ఏడాదైనా నిలవాలంటే కిందికి దిగాల్సిందే. అలా దిగిన దాన్నే మన భాషలో ఎప్పటినుంచో పచ్చబొట్టు అంటున్నాం.

కిందికి దిగిన రంగును ఒంట్లోని రక్షణ కణాలు మింగుతాయి. మింగి అరిగించుకోలేక కడుపులో పెట్టుకుని కూర్చుంటాయి. ఆ కణం చనిపోతే రంగు బయటపడుతుంది, పక్కన కొత్తగా పుట్టిన కణం దాన్ని మళ్లీ మింగుతుంది. 2018లో ఫ్రాన్స్‌లోని మార్సే నగర శాస్త్రవేత్తలు ఎలుకల తోక మీద పచ్చబొట్టు పొడిచి మరీ దీన్ని చూపించారు. కౌలుదార్లు మారుతుంటారు, పొలం అక్కడే ఉంటుంది. కొన్ని రేణువులు కొట్టుకుపోతాయి, ఎండకు కొంత రంగు విరుగుతుంది, అందుకని పలచబడుతుంది. పలచబడడం వేరు, పోవడం వేరు. పార్లర్లో అమ్మేటప్పుడు ఈ రెంటినీ ఒకటి చేసి చెబుతారు.

పచ్చదనం సంగతి కూడా ఇందులోనే ఉంది. నల్లటి మసి చర్మం లోతున ఉన్నప్పుడు, పైన కప్పిన చర్మం నీలం వెలుగును చెదరగొట్టి మన కంటికి పంపిస్తుంది. మణికట్టు దగ్గర నరాలు నీలిపచ్చగా కనిపించడంలోనూ ఇదే వెలుగు మాయ ఉంది, లోపల రక్తం ఎర్రగానే ఉంటుంది. అందుకే చెయ్యి కాస్త బరువై సూది లోతుకు దిగితే కనుబొమ బూడిదబారుతుంది. మసి బదులు ఇనుప ఆక్సైడ్లు, అంటే ఒక రకం తుప్పు, వాడిన రంగులైతే దారి వేరు. అందులో ఎరుపు పాలు ఎక్కువ కాలం నిలిచి, కనుబొమ ఇటుక రంగుకు తిరుగుతుంది. పెళ్లిళ్లలో గమనించండి. మూడు నాలుగేళ్ల కిందట చేయించుకున్నవాళ్లలో కొందరివి బూడిదగా, కొందరివి ఇటుకపొడిలా ఉంటాయి. గమనించాక మీకు భోజనాల మీద ధ్యాస ఉండదు, ఆ తప్పు నాది కాదు.

మన పూర్వీకులు నల్లగా పొడిపించుకుని, దానికి పచ్చబొట్టు అని పేరు పెట్టారు. చేయించుకున్న రోజు రంగును బట్టి కాకుండా, ఏళ్లు గడిచాక మిగిలే రంగును బట్టి పెట్టారు. అంతకంటే నిజాయతీ ఉన్న పేరు ఏ బ్యూటీ బ్రాండూ పెట్టలేదు.

చట్టాలు రాసేవాళ్లకైతే ఈ తికమక లేదు. యూరోపియన్ యూనియన్ 2022 జనవరి నుంచి అమలు చేస్తున్న నిబంధనల్లో టాటూ రంగులు, పర్మనెంట్ మేకప్ రంగులు ఒకే గాటన ఉన్నాయి. 4 వేలకు పైగా రసాయనాల మీద రెండింటికీ ఒకే రకం ఆంక్షలు. ఇక్కడ నాకు ఆ సంగతి చెప్పింది బ్లడ్ బ్యాంకు. 2022 దసరా ముందు మా ఆఫీసులో రక్తదాన శిబిరం పెట్టారు. ఫారంలో టాటూ వేయించుకున్నారా అన్న ప్రశ్న దగ్గర నేను ధీమాగా లేదు అని టిక్కు పెట్టాను. బీపీ చూస్తున్న సిస్టర్ నా మొహం వంక చూసి, "మేడమ్, ఐబ్రోస్ చేయించుకున్నారా? ఎప్పుడు?" అంది. ఆరు నెలలైంది, సెమీ పర్మనెంటే అన్నాను. ఆవిడ ఏమీ అనకుండా నా టిక్కు కొట్టేసి అవును దగ్గర పెట్టింది. పన్నెండు నెలలు నిండాక రమ్మంది. సూది చర్మంలోకి దిగిందా లేదా అన్నదే అక్కడి లెక్క. హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవీ ఆ సూదికి ఏ పేరు పెట్టారో చూసుకుని రావు.

పేరు దగ్గర ఇంత పేచీ ఎందుకు అని అడగొచ్చు. ఎందుకంటే పేరును బట్టే మనం జాగ్రత్త పడతాం. టాటూ అంటే ఇంట్లో నలుగురినీ అడుగుతాం, నెల రోజులు ఆలోచిస్తాం. సెమీ అంటే ఫేషియల్ లెక్క, శనివారం మధ్యాహ్నం ఖాళీ ఉందని వెళ్లి కూర్చుంటాం. నేను అలాగే వెళ్లాను. నన్నడిగిన ప్రశ్నలు రెండు: కాఫీ తాగుతారా, ఏ షేపు కావాలి.

అడగాల్సినవి చాలా ఉన్నాయి. ఒంటి మీద ఎక్కడైనా దెబ్బ మానాక మచ్చ ఉబ్బి గట్టిపడి పెరిగిందా? చెవులు కుట్టిన చోట కీలాయిడ్ వచ్చిన ఆడవాళ్లు మనలో తక్కువేం కాదు. బొల్లి గానీ సోరియాసిస్ గానీ ఉందా? ఉన్నవాళ్లకు గాయమైన చోటే కొత్త మచ్చ పుట్టడం కద్దు. దీన్ని పంతొమ్మిదో శతాబ్దంలో గుర్తించిన కోబ్నర్ అనే జర్మన్ డాక్టరు పేరుతోనే పిలుస్తారు. బొల్లి మచ్చ చెయ్యి మీద ఉంటేనే పెళ్లి సంబంధాల దగ్గర ఏమవుతుందో మనకు తెలుసు, దాన్ని తీసుకొచ్చి నుదుటి మీద పెట్టుకునే ప్రమాదం గురించి ఒక్క మాటైనా చెప్పొద్దా? మొటిమలకు ఐసోట్రెటినోయిన్ బిళ్లలు వేసుకుంటున్నారా, రక్తం పలచబడే మందులు వాడుతున్నారా, షుగరు అదుపులో ఉందా, గర్భవతా. ఇవన్నీ ఒక కాగితం మీద పట్టే ప్రశ్నలు.

వీటన్నిటికంటే ముందు అడగాల్సింది ఇంకోటుంది. ఉన్న కనుబొమలు ఎందుకు ఊడాయి?

నావి బయటి కొసన మూడో వంతు పలచబడ్డాయి. కాలేజీ రోజుల్నుంచి త్రెడ్డింగ్ చేయించుకున్న పాపమే అనుకున్నాను. ఆముదం రాశాను, రెండు సీసాలు అయ్యాయి, దిండు గలీబులు పాడయ్యాయి, వెంట్రుక రాలేదు. చివరికి మైక్రోబ్లేడింగ్. అది జరిగిన ఏడెనిమిది నెలలకు ఒళ్లు బరువు, నీరసం, మలబద్ధకం ఉన్నాయని డాక్టర్ దగ్గరికెళితే థైరాయిడ్ చూసే టీఎస్‌హెచ్ రక్తపరీక్ష రాశారు. హైపోథైరాయిడ్. ఆవిడ నా మొహం చూసి, "కనుబొమల కొసలు ముందే పోయుంటాయే" అన్నారు. థైరాయిడ్ తగ్గినప్పుడు కనిపించే పాత గుర్తుల్లో అదొకటి. మందు మొదలుపెట్టాక ఏడాదిలోపు వెంట్రుకలు మెల్లగా మొలిచాయి. మొలిచినవి పార్లరమ్మాయి గీసిన గీత మీద మొలవలేదు, దానికి కాస్త కింద, అవి ఎప్పుడూ ఉండే చోటే మొలిచాయి. అందుకే ఇప్పుడు నాకు కనుబొమలు నాలుగు. పై రెండూ 18 వేలవి, కింద రెండూ నెలకు వందా నూటయాభై రూపాయల బిళ్లలవి.

ఐరన్ తగ్గినా, పేనుకొరుకుడు అని మనం పిలిచే అలోపీషియా వచ్చినా, మెనోపాజ్ తర్వాత కొందరికి నుదుటి జుట్టు వెనక్కి పోతూ వచ్చే ఇంకో జబ్బులోనూ కనుబొమలు రాలతాయి. కుష్ఠు కూడా. దేశంలో ఇప్పటికీ ఏటా లక్ష దాకా కొత్త కేసులు బయటపడుతున్న జబ్బది, ముదిరిన రకంలో కనుబొమల కొసలు రాలడం పాఠ్యపుస్తకంలో ఉండే లక్షణం. రంగు పొడిపించుకుంటే ఆ గుర్తు మీద తెర వేసినట్టే. చర్మ డాక్టర్ని ఒకసారి కలవడానికి ఆరేడు వందలు, రక్తపరీక్షకు ఇంకో వెయ్యి. నేనది వృథా ఖర్చనుకున్నాను.

ఇక నా అసలు తప్పుల సంగతి. చేసినమ్మాయి పని బాగానే చేసిందని ఇప్పటికీ అంటాను. నా ఎదురుగా కొత్త సూది పొట్లం చింపింది, గ్లవ్స్ వేసుకుంది. పాడు చేసుకుంది ఇంటికొచ్చాక నేను. పంపించేటప్పుడు వాళ్లు చేతిలో ఒక కార్డు పెట్టారు, అయిదు లైన్లు, అన్నీ "వద్దు"లే. తడి వద్దు, ఎండ వద్దు, మేకప్ వద్దు. దాంతోపాటు ఒక చిన్న డబ్బా, ఆఫ్టర్‌కేర్ బామ్ అని, 600 రూపాయలు. అందులో ఏముందో డబ్బా మీద లేదు. ఎక్కడా గాయం అన్న మాట లేదు. అది రాసుంటే నేనింకోలా ఉండేదాన్నేమో.

మొదటి రెండు రోజులు కనుబొమలు బొగ్గుతో దిద్దినట్టున్నాయి. కాస్త వాపు, సన్నగా రసి. మా ఆయన చూసి నవ్వాపుకుంటూ "రంగు బాగుంది" అన్నారు. మూడో రోజు ఆఫీసుకి స్కూటీ మీద వెళ్లాను. ఏప్రిల్ చివర విజయవాడ ఎండ, నెత్తిన హెల్మెట్, దాని లోపలి స్పాంజి సరిగ్గా కనుబొమల మీదే ఆనుతుంది. బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గరికి వచ్చేసరికి నుదుటి చెమట గాయంలోకి దిగి మంట. నాలుగో రోజు పక్కు కట్టింది, దురద మొదలైంది. అయిదో రోజు తలస్నానం. కుంకుడుకాయ రసం నుదుటి మీంచి కారింది. ఆరో రోజు మా అత్తగారు చూసి, "గాయం పచ్చిగా ఉందమ్మా, కాస్త పసుపు అద్దు" అన్నారు. ఆవిడ ఒక్కరే దాన్ని గాయం అన్నారు. ఆ సంగతి అప్పుడు నాకు తట్టలేదు. వంటింటి డబ్బాలోంచి పసుపు తీసి కొబ్బరినూనెలో కలిపి పెట్టారు.

పసుపు మీద నాకు వైరం లేదు. కానీ వంటింటి డబ్బాలో పసుపు శుభ్రం చేసిన మందు కాదు. పోపు గరిటె, తడి చెయ్యి, నెలల తరబడి గాలి, అన్నీ చూసిన పొడి అది. పైగా ఎండితే గట్టిపడి పక్కుకు అంటుకుంటుంది. మర్నాడు పొద్దున మొహం కడుక్కుంటూ తువ్వాలుతో అద్దుకుంటే, ఎడమ వైపు పక్కు పసుపుతో సహా ఊడొచ్చింది. కింద గులాబీ రంగు పచ్చి చర్మం. రంగు ఆ పక్కుతోనే పోయింది. బొటనగోరంత ఖాళీ మిగిలింది. ఆ ఖాళీ చుట్టూ నెల తర్వాత నల్లమచ్చ వచ్చింది.

ఆ నల్లమచ్చే మనవాళ్లు ముఖ్యంగా తెలుసుకోవాల్సింది. హార్వర్డ్ చర్మవైద్యుడు ఫిట్జ్‌ప్యాట్రిక్ 1975లో చర్మాన్ని ఎండకు స్పందించే తీరును బట్టి రకాలుగా విడగొట్టాడు. తర్వాత అవి ఆరయ్యాయి. మనలో ఎక్కువమంది నాలుగు, అయిదు రకాల వాళ్లం. ఎండకు తేలిగ్గా కమిలిపోం, కానీ చర్మానికి ఏ దెబ్బ తగిలినా అది మానుతూ మానుతూ నల్లబడుతుంది. దోమ కుట్టిన చోట, మొటిమ గిల్లిన చోట నెలల తరబడి మచ్చ నిలిచేది అందుకే. యూట్యూబులో కొరియా, రష్యా అమ్మాయిల కనుబొమలు మానే వీడియోలు చూసి మనం లెక్క వేసుకుంటాం. వాళ్ల గాయం ఎర్రబడి మానుతుంది, మనది నల్లబడి మానుతుంది. జిడ్డు చర్మం, పెద్ద రంధ్రాలు కూడా తోడైతే సన్న గీత నిలవదు, కాగితం మీద సిరా పాకినట్టు పాకుతుంది. మన వాతావరణంలో, మన చర్మాల మీద వెంట్రుక గీతల కంటే చుక్కల పద్ధతే నయమని నా అభిప్రాయం. గీతలు చేయించుకుని ఆ మాట అంటున్నాను.

ఆ ఏడో రోజు నుంచి నేను చదివి, చర్మ డాక్టర్ని అడిగి నేర్చుకున్నది పెద్ద శాస్త్రమేమీ కాదు. మోకాలు దోక్కుపోతే పిల్లలకు చేసేదే. చేతులు సబ్బుతో కడుక్కోకుండా కనుబొమ ముట్టుకోకూడదు. మొదటి రోజు రసి వస్తుంటే శుభ్రమైన దూది తడిపి, పిండి, అద్ది తీయాలి. రసిని అలాగే ఎండనిస్తే అదే దళసరి పక్కు అవుతుంది, దళసరి పక్కు రంగును లాక్కుని పోతుంది. ఆ తర్వాత రోజుకు రెండుసార్లు నీళ్లతో మెల్లగా తుడిచి, ఆరాక, వాసన లేని పెట్రోలియం జెల్లీ రెండు కనుబొమలకూ కలిపి బియ్యపుగింజంత. మెరిసిందంటే ఎక్కువైనట్టే. 600 రూపాయల బామ్‌లో నాకు వచ్చిన వాసన లవంగ నూనెదో ఇంకేదో, పచ్చి గాయం మీద వాసనలతో పనేంటి?

ఏమీ రాయకుండా పొడిగా మాననివ్వాలనే పార్లర్లూ ఉన్నాయి. వాళ్ల వాదన రంగు బాగా నిలుస్తుందని. గాయాల సంగతి చూస్తే, 1962లోనే జార్జ్ వింటర్ అనే ఆయన పందుల మీద చేసిన ప్రయోగంలో తేమగా కప్పి ఉంచిన గాయం, గాలికి ఆరబెట్టిన దానికంటే దాదాపు రెట్టింపు వేగంతో కొత్త చర్మం వేసుకుంది. నేను ఆయన పక్షమే. కాకపోతే తేమ అంటే జిడ్డు ఓడడం కాదు. మే నెలలో చెమటా జెల్లీ కలిస్తే రంధ్రాలు మూసుకుని గుల్లలు లేస్తాయి.

మెడికల్ షాపు క్రీముల దగ్గర కాస్త ఆగాలి. దురద అంటే చాలు, కౌంటర్ మీద అబ్బాయి స్టెరాయిడ్ కలిసిన ట్యూబు చేతిలో పెడతాడు. అది దురద ఆపుతుంది, గాయం మానడాన్నీ నెమ్మదింపజేస్తుంది, మొహం మీద అలవాటైతే చర్మాన్ని పలచన చేస్తుంది. యాంటీబయాటిక్ ఆయింట్‌మెంట్లలో చాలావాటిలో నియోమైసిన్ ఉంటుంది, అది పడక దద్దుర్లు వచ్చేవాళ్లు ఎందరో. డాక్టర్ రాస్తే తప్ప రెండూ వద్దు. డాక్టర్ దగ్గరికి పరిగెత్తాల్సిన సందర్భాలు మాత్రం గుర్తుంచుకోండి: మూడో రోజు తర్వాత నొప్పి తగ్గకుండా పెరుగుతుంటే, ఎరుపు కనుబొమ దాటి పాకుతుంటే, చీము పడితే, జ్వరం వస్తే. ఇంకోటి ఎవరూ చెప్పనిది, అంతా మానిపోయిన నెలలకు, ఏళ్లకు కూడా రంగు ఉన్నచోట మాత్రమే గట్టి గుల్లలు లేచి దురద పెట్టొచ్చు. అది అలర్జీ కావచ్చు, ఒంట్లో ఇంకేదైనా జబ్బుకు సూచన కావచ్చు. 2004 నాటికే అమెరికాలో మందులు, సౌందర్య సాధనాల మీద నిఘా ఉంచే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏకు పర్మనెంట్ మేకప్ రంగుల మీద 150కి పైగా ఇలాంటి ఫిర్యాదులు చేరాయి.

మన ఇళ్ల సంగతులు ఆ కార్డులో ఉండవు. పది రోజులు తలస్నానం చేస్తే పార్లర్లో కడిగినట్టు తల వెనక్కి వాల్చి ఎవరితోనైనా పోయించుకోవాలి. తలకు నూనె పెట్టుకుని పడుకుంటే రాత్రికి అది నుదుటి మీదకి దిగుతుంది, మానేయాలి. ఇడ్లీ పాత్ర మూత తీసేటప్పుడు మొహం పక్కకు తిప్పాలి. దిండు గలీబు మార్చాలి. స్కూటీ బదులు ఆటో. హెల్మెట్ లేకుండా వెళ్లమని నేననడం లేదు, బండే తీయొద్దంటున్నాను. కనీసం నాలుగు వారాలు ఆ చుట్టుపక్కల త్రెడ్డింగ్ లేదు, బ్లీచ్ లేదు, ఫేషియల్ లేదు.

పదో రోజుకు పక్కులన్నీ రాలి, రంగు మొత్తం పోయినట్టు కనిపిస్తుంది. నేను ఏడ్చినంత పని చేశాను. 18 వేలు నీళ్లలో పోశాననుకున్నాను. పైచర్మంలో చిక్కుకున్న రంగు రాలిపోయి, దాని మీద కొత్తగా వచ్చిన పొర ఇంకా మసకగా ఉండే దశ అది. నాలుగైదు వారాలకు ఆ పొర తేటబడితే కింది రంగు తేలుతుంది. టచప్‌కి, అంటే రెండోసారి దిద్దించుకోవడానికి, ఆరు వారాలాగమనేది అందుకు, వ్యాపారం కోసం కాదు. తొందరపడి మూడో వారంలో మళ్లీ గీయిస్తే మానని గాయం మీద ఇంకో గాయం.

పూర్తిగా మానాక పనల్లా ఎండ నుంచి కాపాడుకోవడమే. ఇక్కడో తమాషా ఉంది. మామూలు సన్‌స్క్రీన్ అతినీలలోహిత కిరణాలను ఆపుతుంది, కానీ మన రంగు చర్మం కంటికి కనిపించే వెలుగుకు కూడా నల్లబడుతుంది. దాన్ని ఆపేది రంగు కలిపిన సన్‌స్క్రీన్. అందులో ఆ పని చేసేది ఇనుప ఆక్సైడ్, అదే తుప్పు. కనుబొమలో గీసిందే మళ్లీ పైన రాసుకుంటున్నాం. రెటినాల్, గ్లైకోలిక్ యాసిడ్ లాంటివి రాత్రిపూట రాసేవాళ్లు కనుబొమలు తప్పించి రాయాలి, లేకపోతే రంగు త్వరగా పలచబడుతుంది. నాలాంటివాళ్లకైతే అదే కావాలేమో.

పోగొట్టుకోవాలంటే లేజర్ ఉంది కదా అంటారు. ఉంది. ఇటుక రంగుకు తిరిగిన ఇనుప ఆక్సైడ్ మీద, రంగును లేతగా చేయడానికి కలిపే టైటానియం డయాక్సైడ్ మీద లేజర్ తగిలితే అవి ఒక్కసారిగా నల్లబడొచ్చు. ఎర్రది తీయించుకుందామని వెళ్లి కారునలుపుతో తిరిగొచ్చే అవకాశం ఉందన్నమాట. ఆ నలుపును తీయడానికి మళ్లీ సిట్టింగులు. మధ్యలో మన చర్మం సంగతి తెలిసిందే. నేను ఒక డాక్టర్ని అడిగి, మొదట చిన్న చుక్క మీద పరీక్షించి చూస్తామన్నారని విని, ఆలోచిస్తానని వచ్చేశాను. ఇంకా ఆలోచిస్తున్నాను.

ఇంత చెప్పి, ఎవరూ చేయించుకోవద్దని తేల్చేస్తాననుకుంటే పొరపాటు. నా స్నేహితురాలికి పేనుకొరుకుడుతో పదేళ్లుగా కనుబొమలూ రెప్పవెంట్రుకలూ లేవు. బస్సులో పిల్లలు భయంగా చూస్తారని కిటికీ వైపే తిరిగి కూర్చునేది. చర్మ డాక్టర్‌తో మాట్లాడి, చెవి వెనక రంగు పరీక్ష చేయించుకుని, ఎండలు తగ్గాక పౌడర్ పద్ధతిలో చేయించుకుంది. తనకది పచ్చబొట్టని తెలుసు, నీలిపచ్చ జీర వస్తుందనీ తెలుసు. "రానీ, ఆ జీరైనా ఉంటుంది కదా" అంది. కీమోథెరపీ మొదలవబోయేవాళ్లు కొందరు డాక్టర్ని అడిగి ముందుగానే చేయించుకుంటారు, కీమో మధ్యలో చేయించుకుంటే తెల్లకణాలు తగ్గి ఇన్‌ఫెక్షన్ భయం కాబట్టి. వీళ్లెవరూ సెమీ అన్న మాటకు పడిపోయి వెళ్లినవాళ్లు కాదు.

మా పిల్లది వేరు. దాని కనుబొమలు నిక్షేపంలా ఉన్నాయి. ఎడమది కుడిదానికంటే రవ్వంత పలచన, అది కూడా సెల్ఫీ జూమ్ చేస్తే తెలిసేంత. ఫోన్లో నేను లెక్క చెప్పాను. పన్నెండు రోజుల్లో పెళ్లి. ఇవాళ చేయించుకుంటే పదో రోజుకి రంగు పోయినట్టుంటుంది. సరిగ్గా ఆ రోజు మంగళస్నానం. నలుగు, పసుపు, నువ్వులనూనె, పేరంటాళ్ల పదిమంది చేతులు, ఆ మొహమ్మీదే. ఆ తర్వాత మేకప్పు, హోమం పొగ, తలంబ్రాలు. "పన్నెండు రోజుల గాయంతో పీటల మీద కూర్చుంటావా?" అన్నాను. "గాయమేంటి పిన్నీ, ఐబ్రోసేగా" అంది. వీడియో కాల్ చేసి కిటికీ దగ్గరికి వెళ్లి నా కనుబొమలు చూపించాను. కాసేపు మాట్లాడలేదు. "తాతమ్మ చేతి మీద ఉండేదే, ఆ రంగు" అంది మెల్లగా.

చేయించుకోలేదు. 250 రూపాయల పెన్సిల్ కొనుక్కుంది. మంగళస్నానం నాడు మా పెద్దత్తయ్య ఉత్సాహం కొద్దీ నుదుటి నుంచి గడ్డం దాకా ఒకే ఊపులో పసుపు పామేసరికి పెన్సిల్ కాస్తా కరిగి, కుడి కనుబొమ చెంప మీదికొచ్చింది. ఫొటోగ్రాఫరు ఆపకుండా తీస్తూనే ఉన్నాడు. స్నానమయ్యాక అద్దం ముందు కూర్చుని రెండు నిమిషాల్లో మళ్లీ దిద్దేసుకుంది, ఈసారి ఎడమది ఇంకాస్త ఒత్తుగా.